దాడి జరిగిన నగరాన్ని ఫోటో తీయాలా? తీస్తే ఎలా?

వీధినడక

అందరికీ నమస్కారం. నేనుండే నగరంలో ఈమధ్య ఉగ్రదాడి జరిగింది. ఊరి పేరు రాయడం లేదు. గాయపడ్డవాళ్ళు కొందరు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఏదో సమాచారం కోసం వెతుకుతూ ఈ పేజీలో వచ్చి పడకూడదని.

నేను ప్రెస్ కాదు. ఈ వీధుల్నే చాలా ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్నాను. పోలీసులు ఇప్పుడు బారికేడ్లు తీసేశారు, జనం మళ్ళీ తిరుగుతున్నారు. కెమెరా తీసుకుని వెళ్ళాలని ఉంది, గుమ్మం దాటబోతే మనసు వెనక్కి లాగుతోంది. వాళ్ళ బాధను నేను బొమ్మలు చేసుకుంటున్నానా అనే ప్రశ్న వదలడం లేదు. తీయకపోతే, నాకు తెలిసిన ఈ వీధులకు జరిగింది టీవీవాళ్ళు చూపించినంత వరకే మిగిలిపోతుందనే దిగులూ ఉంది. ఇలాంటి చోట పనిచేసినవాళ్ళు చెప్పండి. వెళ్ళాలా? వెళితే ఏం తీయాలి, ఏం తీయకూడదు?

కొత్తషట్టర్

నా మాట అడిగితే వెళ్ళొద్దండీ. అక్కడ ఏడుస్తున్న మనిషికి మన కెమెరా వల్ల ఏం ఒరుగుతుంది? ప్రెస్ వాళ్ళకైతే ఉద్యోగం, తప్పదు. మనకు ఆ అవసరం లేదు.

పాతరీలు

కొత్తషట్టర్ గారు, మీ బాధ అర్థమైంది కానీ ఒప్పుకోలేను. చాలాకాలం పత్రికల్లో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, దాడి జరిగిన నాటి ఫోటోలు ఎప్పుడూ కావలసినదానికంటే ఎక్కువే ఉంటాయి. ఆ తరవాతి రోజులవే ఉండవు. ఏజెన్సీలవాళ్ళు సర్దుకుని వెళ్ళిపోతారు, పత్రికలకు వేరే వార్త దొరుకుతుంది. అసలు నగరం కోలుకోవడమో, కోలుకోలేకపోవడమో మొదలయ్యేది అప్పుడే.

న్యూయార్క్ సంగతి చూడండి. 2001 సెప్టెంబరు 11న జంట భవనాలు కూలిన చోటును అధికారులు నేరస్థలంగా ప్రకటించి ఫోటోలు నిషేధించారు. జోయెల్ మేయరోవిట్జ్ అనే ఫోటోగ్రాఫర్ కంచె బయట కెమెరా ఎత్తితేనే ఒక పోలీసు అధికారిణి అడ్డుకుంది. ఫోటోలే లేకపోతే రేపు చరిత్ర ఎక్కడుంటుందని ఆయన పట్టుబట్టి, ఆ నగర మ్యూజియం తోడుగా లోపలికి అనుమతి సంపాదించాడు. తొమ్మిది నెలలు అక్కడే తిరిగి 8,000కు పైగా ఫోటోలు తీశాడు. అందులో ఎన్నో స్టాండ్ మీద నిలబెట్టి, నెమ్మదిగా సర్దుకుని తీయాల్సిన పెద్ద చెక్క కెమెరాతో. శిథిలాలు తొలగించే కార్మికులు, వెల్డర్లు, అగ్నిమాపక సిబ్బంది, రోజురోజుకీ మారుతున్న గొయ్యి, దాని మీద పడే సాయంత్రపు ఎండ, ఇవీ ఆయన తీసినవి. ఆయన వెళ్ళకపోతే ఆ తొమ్మిది నెలల పని అంత వివరంగా మనకు ఎవరు చూపించేవారు?

మామూలు జనం సంగతికొస్తే, దాడి జరిగిన ఆ సెప్టెంబరులోనే అదే నగరంలో ఒక ఖాళీ దుకాణంలో ప్రదర్శన పెట్టారు. ఎవరైనా సరే తాము తీసిన ఫోటో తెచ్చి ఇవ్వొచ్చు. అన్నీ ఒకే సైజులో ప్రింటు వేసి, తీగలకు క్లిప్పులతో తగిలించారు, పక్కన తీసినవాళ్ళ పేరు లేకుండా. పేరున్న ఫోటోగ్రాఫర్లవీ, కెమెరా కొత్తగా పట్టినవాళ్ళవీ పక్కపక్కనే. ఒక్కో ప్రింటు 25 డాలర్లకు అమ్మి ఆ డబ్బు పిల్లల సహాయనిధికి ఇచ్చారు. కాబట్టి ప్రెస్ కార్డు లేకపోవడం అడ్డంకి కాదు వీధినడక గారూ. ఆ వీధులు మీకు దాడికి ముందు నుంచీ తెలుసు, అది బయటినుంచి వచ్చే ఏ ఫోటోగ్రాఫరుకూ ఉండదు. వెళ్ళండి. తొందరపడకుండా వెళ్ళండి.

మూడో అంతస్తు

మామూలుగా ఇక్కడ చదివి వెళ్ళిపోతాను, రాయను. ఇది చూశాక రాయాలనిపించింది.

వేరే నగరంలో, కొన్నేళ్ళ కిందట, ఇలాంటి దాడిలోనే మా తమ్ముడు గాయపడ్డాడు. ప్రాణం దక్కింది. కాలు బాగయింది కానీ చెవి ఒకటి ఇప్పటికీ సరిగా వినపడదు. స్ట్రెచర్ మీద ఉన్న వాడి ఫోటో ఒకటి బయటికొచ్చింది. మాకు ఆసుపత్రి నుంచి ఫోన్ రాకముందే అది మా చుట్టాల ఫోన్లలో తిరిగింది. అమ్మ దాన్ని ఎవరో ఫార్వర్డ్ చేస్తే చూసింది. వాడు బతికున్నాడో లేదో ఆ ఫోటోలో తెలియదు. నాలుగైదు గంటలు అలాగే గడిపాం.

తీసినతని మీద కోపం పోవడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు ఆలోచిస్తే నాకు బాధ కలిగించింది తీయడం కాదు, అంత తొందరగా, మొహం కనిపించేలా బయటికి వదలడం. ఒక రోజు ఆగి ఉంటే అతనికి పోయేదేమీ లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ తరవాత ఏడాది మొత్తం మా తమ్ముడు ఫిజియోథెరపీకి తిరిగాడు, కోర్టుకు తిరిగాడు, పరిహారం ఫైలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆ ఏడాదిలో ఒక్కరూ ఒక్క ఫోటో తీయడానికి రాలేదు. వస్తే వాడు వద్దనేవాడు కాదేమో. నన్ను మర్చిపోయారా అక్కా అని ఒకసారి అడిగాడు.

వీధినడక

మూడో అంతస్తు గారూ, ఇది రాయడం మీకు ఎంత కష్టమై ఉంటుందో. మీ తమ్ముడు ఇప్పుడు బాగున్నారని ఆశిస్తున్నాను. వెళ్ళినా, గాయపడ్డవాళ్ళ మొహాలు గుర్తుపట్టేలా తీసినవి వాళ్ళు ఒప్పుకుంటే తప్ప ఎక్కడా పెట్టను. ఈ మాట ఇక్కడే అందరి ముందూ రాస్తున్నాను.

రాత్రిడెస్క్

నేను ఫోటో డెస్కులో పనిచేస్తాను. ఫోటో తీసేటప్పటికంటే దాని కింద మాట రాసేటప్పుడే ఎక్కువ హాని జరుగుతుందని నా అనుభవం.

2017 మార్చి 22న లండన్ వెస్ట్‌మినిస్టర్ వంతెన మీద దాడి జరిగింది. తలకు స్కార్ఫ్ కట్టుకున్న ఒక యువతి ఫోన్ చూస్తూ, గాయపడ్డ మనిషి పక్కనుంచి నడిచి వెళుతున్న ఫోటో ఒకటి వచ్చింది. ఆమె మతాన్ని ఎత్తిచూపుతూ, చలనం లేకుండా పోతోందని ఒక ఖాతా రాసింది, వేలమంది నమ్మారు. ఆమె భయంతో, దిగ్భ్రాంతితో ఉందని ఆ ఫోటో తీసిన ఫోటోగ్రాఫరే బయటికొచ్చి చెప్పాడు. అదే వరసలో తీసిన మరో ఫోటోలో ఆమె ముఖంలో ఆ బాధ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఖాతా రష్యా నుంచి నడిపించిన నకిలీ ఖాతా అని ఆ ఏడాది చివర్లో బయటపడింది. అప్పటికి ఆమెకు జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

ఇలాంటిదే ఇంకోటి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వైపు నదిఒడ్డున ఎండలో కూర్చున్న అయిదుగురు, వెనక నుంచి ఎగసే పొగ. థామస్ హోప్కర్ తీశాడు. అది ఆ సమయానికి తగదనిపించి ఆయనే ఏళ్ళ తరబడి పక్కన పెట్టాడు. 2006లో అచ్చయ్యాక, వీళ్ళు విషాదాన్ని అప్పుడే మర్చిపోయారని ఒక కాలమిస్టు రాశాడు. అందులో ఉన్నవాళ్ళలో ఒకరు జవాబిచ్చారు: మేమంతా షాక్‌లో ఉండి దాని గురించే మాట్లాడుకుంటున్నాం, మమ్మల్ని ఎవరూ అడగలేదు అని. సెకనులో చిన్న ముక్క అది. ఆ ముక్కతో మనిషి మనసు చదివేశామనుకోవడం అన్యాయం.

కాబట్టి వీధినడక గారూ, మీకు తెలిసిందే రాయండి. ఎక్కడ, ఎప్పుడు, ఏం జరుగుతోంది. ఆ మనిషి ఏమనుకుంటున్నాడో అతను చెబితేనే రాయాలి. "నిర్వికారంగా", "నిర్లిప్తంగా" లాంటి మాటలు క్యాప్షన్లో కనిపిస్తే నేను కొట్టేస్తాను.

కొత్తషట్టర్

మరి ఘోరంగా ఉన్న దృశ్యం ఉంటే? కొంచెం ఎడిట్ చేసి, ఆ భాగం చెరిపేసి పెడితే తప్పా? చూసేవాళ్ళ కోసమే కదా.

రాత్రిడెస్క్

మంచి ప్రశ్న. ఇది నిజంగా జరిగింది. 2004 మార్చి 11న మాడ్రిడ్‌లో రైళ్ళలో బాంబులు పేలాయి. అతోచా స్టేషన్ దగ్గర పట్టాల మీద గాయపడ్డవాళ్ళకు సాయం చేస్తున్న ఫోటో ప్రపంచమంతా వెళ్ళింది. అందులో ముందుభాగంలో తెగిపడిన శరీరభాగం ఒకటి ఉంది. స్పెయిన్ పత్రిక ఎల్ పైస్ ఉన్నదున్నట్టు వేసింది. బ్రిటన్ పత్రికలు కొన్ని దాన్ని కంప్యూటర్‌లో చెరిపేసి అక్కడ కంకర నింపాయి. ఒకటి దాని రంగును మాత్రం బూడిదరంగుకు తగ్గించింది.

నా వరకు, చెరపడం ఒప్పుకోను. వేయలేని ఫోటో అయితే వేయకూడదు, వేరేది ఎంచుకోవాలి. తీసేటప్పుడే రెండడుగులు పక్కకు జరిగి ఫ్రేమ్ మార్చుకోవచ్చు. ముఖం మసకబరచడం వేరు, మసకబరిచారని చూడగానే తెలుస్తుంది, ఎవరినీ మోసం చేయదు. ఉన్నదాన్ని లేనట్టు చూపించాక మాత్రం ఆ ఫోటో సాక్ష్యంగా పనికిరాదు. రేపు కోర్టు అడిగితే?

పాతరీలు

కోర్టు అంటే గుర్తొచ్చింది. 2008 నవంబరు 26 రాత్రి ముంబై సీఎస్‌టీ స్టేషన్‌లో సెబాస్టియన్ డిసౌజా చేతిలో ఉన్నది ఒక నికాన్ కెమెరా, రెండు లెన్సులు. ఆగి ఉన్న రైలు పెట్టెలో నక్కి కసబ్‌ను తీశాడు. విచారణలో వచ్చి సాక్ష్యం చెప్పాడు, ఆ ఫోటోలు నేర నిరూపణకు ఉపయోగపడ్డాయి. అదే కేసులో 2012 తీర్పులో సుప్రీంకోర్టు టీవీ ఛానళ్ళ లైవ్ ప్రసారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. కమాండోల కదలికలు, హోటళ్ళలో దూరిన ఉగ్రవాదుల సూత్రధారులకు టీవీలో కనిపించాయి మరి. ఒకే దాడి, ఒకే నగరం, రెండుచోట్లా కెమెరాలే. ఒకటి ఆ క్షణాన్ని భద్రంగా దాచింది, ఇంకోటి దాన్ని అప్పటికప్పుడు పంచేసింది.

అందుకే అసలు ఫైలు చెరపకండి. రా ఫైలు, అంటే కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే ముడి ఫైలు, అది కూడా ఉంచండి. కెమెరా గడియారం సరైన టైము చూపిస్తోందో లేదో ముందే చూసుకోండి, చాలామంది అది పట్టించుకోరు.

న్యాయపక్షం

చట్టం సంగతి కొంచెం చెబుతాను. దేశాన్ని బట్టి మారుతుంది, మీ చోటి నిబంధన మీరు చూసుకోవాలి.

చాలా దేశాల్లో బహిరంగ స్థలం నుంచి కనిపించేది తీయడం దానంతట అది నేరం కాదు. పోలీసు కట్టిన హద్దు దాటడం, వెళ్ళిపొమ్మంటే వెళ్ళకపోవడం మాత్రం ఇబ్బందే. తీయడం ఒకటి, ప్రచురించడం ఒకటి. ఫ్రాన్స్‌లో 2000 జూన్ నాటి చట్టం ప్రకారం, నేరం జరిగిన తీరును చూపించే చిత్రం బాధితుల గౌరవానికి తీవ్ర భంగం కలిగించేలా ఉండి, వాళ్ళ అంగీకారం లేకుండా ప్రచురిస్తే 15,000 యూరోల దాకా జరిమానా పడొచ్చు. భారత్‌లో 2015లో కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో ఒక నియమం చేర్చారు: ఉగ్రవాదులపై భద్రతాదళాల చర్య జరుగుతుండగా లైవ్ చూపించకూడదు, అది పూర్తయ్యేదాకా నియమించిన అధికారి ఇచ్చే సమాచారంతోనే సరిపెట్టుకోవాలి. అది టీవీ ఛానళ్ళకు పెట్టిందే. 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన సూచనలో రక్షణ చర్యల లైవ్ విషయంలో సోషల్ మీడియా వాడేవాళ్ళను కూడా కలిపి చెప్పారు.

చట్టం చెప్పకపోయినా జనం పాటించిన ఉదాహరణ ఒకటుంది. 2015 నవంబరు 22న బ్రస్సెల్స్‌లో పోలీసులు ఉగ్రవాదుల కోసం సోదాలు చేస్తూ, తమ కదలికల గురించి ఏమీ పెట్టవద్దని నగరవాసుల్ని కోరారు. ఆ సోదాల గురించి సోషల్ మీడియాలో నడుస్తున్న హ్యాష్‌ట్యాగ్‌ను జనం పిల్లుల ఫోటోలతో నింపేశారు. ఎక్కడ పోలీసులున్నారో వెతుకుతున్నవాళ్ళకు పిల్లులే కనిపించాయి. మర్నాడు పోలీసులు పిల్లుల ఆహారం నిండిన గిన్నె ఫోటో పెట్టి కృతజ్ఞత చెప్పారు.

కొత్తషట్టర్

నాకు ఇంకో భయం కూడా ఉంది. 2013 బోస్టన్ మారథాన్ పేలుళ్ళ తరవాత జనం తీసిన ఫోటోలు, వీడియోలు ఇవ్వమని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అడిగింది. అవి దర్యాప్తుకు పనికొచ్చాయి కూడా. కానీ అవే ఫోటోలు పట్టుకుని ఆన్‌లైన్‌లో కొందరు సొంతంగా అనుమానితుల్ని తేల్చేశారు. అప్పటికే కనిపించకుండా పోయిన ఒక విద్యార్థి పేరు లాగారు, అతనికి ఏ సంబంధమూ లేదు. మొదటి పేజీలో ఇద్దరు అమాయకుల బొమ్మ వేసిన పత్రిక కూడా ఉంది. మన ఫోటోలో వెనకాల సంచితో నడుస్తున్నవాడు అలా దొరికిపోతే?

న్యాయపక్షం

దర్యాప్తుకు పనికొస్తుందనిపిస్తే నేరుగా పోలీసులకే ఇవ్వండి, రసీదు తీసుకోండి, మీ దగ్గర నకలు ఉంచుకోండి. గ్రూపుల్లో పెట్టి "ఇతనెవరో తెలుసా" అని మాత్రం అడగకండి.

పాతరీలు

భద్రత గురించి ఎవరూ అడగలేదు, అయినా చెబుతాను. దాడి జరిగిన గంటల్లో అక్కడికి పరిగెత్తొద్దు. సాయానికొచ్చినవాళ్ళనే లక్ష్యం చేసుకుని రెండో పేలుడు జరపడం కొత్తేమీ కాదు. 2018 ఏప్రిల్ 30న కాబూల్‌లో మొదటి పేలుడు వార్త కోసం చేరిన విలేకరుల మధ్యకు రెండోవాడు విలేకరిలా వచ్చి పేల్చుకున్నాడు. ఆ పేలుడులో తొమ్మిదిమంది మీడియావాళ్ళు పోయారు, ఏఎఫ్‌పీ వార్తాసంస్థ కాబూల్ చీఫ్ ఫోటోగ్రాఫర్ షా మరాయి వారిలో ఒకరు. ఆయన తీసిన కాబూల్ ఫోటోలు ఎప్పుడైనా తీరిగ్గా చూడండి, ఇరవయ్యేళ్ళు ఆ నగరాన్ని వదలకుండా తీసిన మనిషి. ఆయన గురించి రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

తరవాతి రోజుల్లో కూడా కూలిన కట్టడాల దగ్గర మాస్క్ పెట్టుకోండి. ఆ దుమ్ములో సిమెంటు, గాజుపొడి, పాత కట్టడమైతే ఆస్బెస్టాస్ కూడా ఉండొచ్చు. న్యూయార్క్‌లో ఆ దుమ్ము పీల్చినవాళ్ళు ఏళ్ళ తరవాత కూడా ఊపిరితిత్తుల జబ్బులతో బాధపడుతున్నారు. అక్కడ లెన్సు మార్చకండి. 35 ఎం.ఎం. లెన్సు ఒక్కటి చాలు. దూరం నుంచి జూమ్‌తో తీస్తే మీరెవరో వాళ్ళకు తెలియదు, 35తో తీయాలంటే దగ్గరికి వెళ్ళాలి, వెళ్తే మాట్లాడక తప్పదు.

వీధినడక

నిన్న పొద్దున వెళ్ళాను. కెమెరా సంచిలోనే ఉంచి ముందు వీధంతా ఒకసారి నడిచాను.

మొదట కనిపించినవి అద్దాలు. మలుపు దాకా అన్ని కిటికీలకూ కొత్త అద్దాలు వేశారు, కంపెనీ స్టిక్కర్లు ఇంకా పీకలేదు. ఒక కిటికీ అంచున పుట్టీ పచ్చిగానే ఉంది, బిగించినతని వేలిముద్ర అందులో అచ్చుపడి ఉంది. మలుపు దాటాక పాత అద్దాలే, దుమ్ముపట్టి. పేలుడు ధాటి ఎక్కడిదాకా వచ్చిందో ఎవరినీ అడగక్కర్లేదు, స్టిక్కర్లు చూస్తే చాలు.

ఒక దుకాణం పెద్దాయన నా చేతిలో సంచి చూసి "ప్రెస్సా?" అన్నారు. కాదండీ, ఇక్కడివాణ్ణే అన్నాను. లోపలికి పిలిచి షట్టర్ దించారు. లోపల చీకటి. చిల్లులు పడ్డ చోటల్లా వెలుగు సన్నటి గీతలుగా లోపలికొచ్చి నేల మీద పడింది. షట్టర్ మారుస్తారా అంటే, ఇన్సూరెన్స్ వాళ్ళు చూసేదాకా ముట్టుకోవద్దన్నారు బాబూ, అందాకా ఇలాగే అన్నారు. అడిగి తీశాను. తన మొహం వద్దన్నారు. చేతులు మాత్రం, షట్టర్ కడ్డీ పట్టుకుని ఉన్నవి.

పూలు, కొవ్వొత్తులు పెట్టిన చోట తీయలేదు. ఒకామె అక్కడ కూర్చుని ఉంది.

మూడో అంతస్తు

మీరు షట్టర్ గురించి రాసింది మా తమ్ముడికి చదివి వినిపించాను. ఆ పెద్దాయనకు ఒక ప్రింటు ఇవ్వమన్నాడు. షట్టర్ మార్చాక అది ఇంకెక్కడా ఉండదు కదా అన్నాడు.

రాత్రిడెస్క్

మీ తమ్ముడి మాట సరైనది. ప్రింటు తప్పకుండా ఇవ్వండి.

పూల దగ్గరికి ఇంకోసారి వెళ్ళండి, ఎవరూ లేని వేళ చూసుకుని. ఆ కాగితాలు వానకు తడిసి, చెత్తలోకి పోతాయి. 2015 నవంబరు 13 దాడుల తరవాత పారిస్ నగర అభిలేఖాగారం వాళ్ళు జనం పెట్టిన వేల ఉత్తరాలు, బొమ్మలు ఏరి, ఆరబెట్టి, భద్రపరిచారు. 2017లో మాంచెస్టర్‌లోనూ అలాగే చేశారు. అందరు నగరపాలకులూ అంత శ్రద్ధ పెడతారని లేదు. ఒక్కో కాగితాన్నీ ఎదురుగా, నిటారుగా, అక్షరాలు చదవగలిగేలా తీయండి. కళాత్మకంగా ఉండక్కర్లేదు.

ఒక విన్నపం. దాడి చేసినవాడి ఫోటో ఎక్కడైనా గోడ మీద కనిపించినా దాన్ని ముఖ్యం చేసి తీయకండి. 2019లో క్రైస్ట్‌చర్చ్ మసీదులపై దాడి చేసినవాడు లైవ్ పెట్టాడు, మొదటి 24 గంటల్లోనే ఆ వీడియో నకళ్ళు 15 లక్షలు తొలగించామని ఫేస్‌బుక్ చెప్పింది. వాడికి కావలసింది ఆ ప్రచారమే. వాడి పేరు పలకనని అప్పటి న్యూజీలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ పార్లమెంటులో చెప్పారు. ఆ వారం నుంచి ప్రపంచం గుర్తుపెట్టుకున్న ఫోటో, తలకు వస్త్రం కప్పుకుని అక్కడి ముస్లింల మాట వింటున్న ఆమెది. నగరపాలక సంస్థ ఫోటోగ్రాఫర్ గాజు కిటికీ అవతలినుంచి తీశాడు.

కొత్తషట్టర్

మొదట వెళ్ళొద్దన్నది నేనే. వీధినడక గారు ఆ ఆమెను తీయకుండా వచ్చారు చూడండి, అలా వెళ్ళేవాళ్ళయితే వెళ్ళాలి. ఒక సందేహం. ఇప్పుడే పెట్టకుండా ఆగితే, ఎప్పటిదాకా ఆగాలి?

పాతరీలు

లెక్క ఏమీ లేదు. కనీసం పోయినవాళ్ళ అంత్యక్రియలు అయ్యేదాకా, గాయపడ్డవాళ్ళ ఇళ్ళకు కబురు అందేదాకా. మిగతాది ఆ వీధివాళ్ళే చెబుతారు. ముందు వాళ్ళకే చూపించండి.

మీకూ మనసు బరువెక్కుతుంది, దాన్ని తక్కువగా చూడకండి. నిద్ర పట్టకపోతే, శబ్దాలకు ఉలిక్కిపడుతుంటే కొన్నాళ్ళు కెమెరా పక్కన పెట్టి డాక్టరుతో మాట్లాడండి. నాకు తెలిసిన మంచి ఫోటోగ్రాఫర్లు కొందరు అది చేయక ఈ పనే మానేశారు.

వీధినడక

అందరికీ కృతజ్ఞతలు. వారానికోసారి, పొద్దున అదే వేళకు, అదే మలుపు నుంచి తీయాలని నిర్ణయించుకున్నాను. ఏడాదయ్యాక ఏమవుతుందో చూద్దాం. పెద్దాయనకు ప్రింటు రేపే ఇస్తున్నాను. చివరి సందేహం: వాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు ఎక్కడ రాసుకోవాలి? ఫైలు పేరులోనే పెడితే వెతకడం తేలిక కదా?

రాత్రిడెస్క్

ఫైలు పేరులో వద్దు. ఒక విడి నోటు పుస్తకం పెట్టుకోండి. ఫైలుకు తేదీ, వరస నంబరు మాత్రమే. పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా పేరు, ఏ షరతు మీద ఒప్పుకున్నారో వాళ్ళ మాటల్లోనే. ఎవరికైనా పంపేముందు ఫోటోలో లొకేషన్ వివరాలు తీసేయండి. మెసేజింగ్ యాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే అవి చాలావరకు అలాగే వెళ్ళిపోతాయి. హార్డ్‌డిస్కులు రెండు, రెండో దాన్ని వేరే ఇంట్లో ఉంచండి. ఎవరైనా తరవాత మనసు మార్చుకుని నా ఫోటో వద్దంటే, కారణం అడగకుండా తీసేయండి.